మాట పెగలని పిల్లలతో మాట్లాడటం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాఠం ఇద్దరం కలిసి రాసుకున్నాం, ఒకరం చదువుతున్నాం. మాలో ఒకరు కౌన్సెలింగ్ పని చేస్తారు, ఒకరు హైస్కూల్లో పాఠాలు చెబుతారు. ఆదివారాలు ట్యూషన్ సెంటర్ మేడమీది గదిలో పిల్లలతో కూర్చుంటాం. మాకు ఇచ్చిన అంశం 'కౌమారంలో మానసిక ఆరోగ్యం'. అరగంటలో అంత అంశం కుదరదు. అందులో ఒక్క ముక్క తీసుకున్నాం. నలుగురిలో నోరు విప్పలేని పిల్లలు, వాళ్లకు మాటలతో చేసే చికిత్స. మధ్యలో కొన్ని ఉదాహరణలు చెబుతాం. అవి ఏ ఒక్క పిల్లవీ కావు. ముగ్గురు నలుగురి విషయాలు కలిపి, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాం. కాబట్టి 'ఇది ఫలానా వాళ్ల అమ్మాయి గురించే' అని ఎవరూ పక్కవాళ్ల చెవిలో చెప్పొద్దని ముందే మనవి.

అల్లరి పిల్లవాడి గురించి స్కూలు నుంచి కబురు వస్తుంది. చదవని పిల్లవాడి గురించి మార్కుల కార్డు చెబుతుంది. నోరు విప్పని పిల్ల గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు. పైగా మెచ్చుకుంటారు. 'మా పిల్ల చాలా నెమ్మది, గడప దాటి మాట బయటికి రాదు' అని బంధువుల దగ్గర చెప్పుకుంటారు. మన ఇళ్లలో ఇంకో మాట కూడా ఉంది. 'హయా ఉన్న పిల్ల' అంటారు.

హయా గొప్ప గుణమే, అందులో వాదన లేదు. కానీ హయా, భయం ఒకటి కావు. హయా ఉన్న పిల్ల అవసరం వచ్చినప్పుడు మాట్లాడుతుంది. తన హక్కు అడుగుతుంది, తెలియనిది అడిగి తెలుసుకుంటుంది, అన్యాయం జరిగితే చెబుతుంది. ఎక్కడ ఆగాలో తనే ఎంచుకుంటుంది. భయపడే పిల్లకు ఆ ఎంపిక లేదు. లెక్కల టీచర్‌ను సందేహం అడగాలని ఉంటుంది, అడగలేదు. స్నేహితురాలి ఇంటికి వెళ్లాలని ఉంటుంది, వెళ్లలేదు. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుందని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. పిల్ల మౌనం వల్ల పిల్లే ఏమి పోగొట్టుకుంటోందో చూడండి. ఏమీ పోగొట్టుకోకపోతే అది స్వభావం. చదువు, స్నేహం, తిండి, నిద్ర ఒక్కొక్కటే పోతూ ఉంటే అది భయం.

ఆ భయం ఎలా ఉంటుందో చూడనివాళ్లకు నమ్మకం కలగదు. హాజరు పిలిచేటప్పుడు తన నంబరు ఇంకా పది దూరంలో ఉండగానే అరచేతులు తడిసిపోతాయి. నలుగురి ముందు నమలడం ఇబ్బందిగా ఉండి మధ్యాహ్నం అన్నం తినదు. బస్సులో కండక్టర్‌ను చిల్లర అడగలేక వదిలేస్తుంది. సెమినార్ ఉన్న రోజు పొద్దున కడుపునొప్పి వస్తుంది. అది నాటకం కాదు, నిజంగానే నొప్పి. నికాహ్ దావత్ అంటే వారం ముందునుంచే నిద్ర ఉండదు. ఇంట్లో మాత్రం తమ్ముడితో గలగలా మాట్లాడుతుంది, గట్టిగా పోట్లాడుతుంది కూడా. అందుకే ఇంట్లోవాళ్లు 'దీనికి భయమేంటి, అంతా పొగరు' అంటారు.

బెంగళూరు నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే దాదాపు ప్రతి పద్నాలుగు మందిలో ఒకరు. నలభై మంది ఉన్న తరగతిలో ముగ్గురు అనుకోండి. అది అన్ని రకాల సమస్యలూ కలిపిన లెక్క. మనం చెప్పుకుంటున్న సామాజిక ఆందోళన అందులో ఒకటి. అది ఎక్కువగా మొదలయ్యేది సరిగ్గా ఈ వయసులోనే. వయసు పెరిగితే అదే పోతుందని చాలామంది ఎదురుచూస్తారు. కొందరికి పోతుంది. చాలామందికి పోదు. ఆ భయానికి తగ్గట్టు జీవితాన్ని కుదించుకుంటారు. ఇంటర్వ్యూ లేని ఉద్యోగం, ప్రశ్నలు అడగని కోర్సు, ఎవరూ రాని ఇల్లు వెతుక్కుంటారు.

ఈ వయసులోనే ఎందుకు? డేవిడ్ ఎల్‌కైండ్ అనే మనస్తత్వవేత్త 1967లో ఒక సంగతి రాశారు. కౌమారంలో పిల్లలు తమ చుట్టూ ఎప్పుడూ ప్రేక్షకులు ఉన్నట్టు ఊహించుకుంటారట. మొటిమ వస్తే ఊరంతా దాన్నే చూస్తోందనిపిస్తుంది. అది ఎంత నిజమో కొలిచినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం కొందరు విద్యార్థులకు, వేసుకోవడానికి సిగ్గుపడే ఒక పాటగాడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి తోటి విద్యార్థులున్న గదిలోకి పంపింది. ఎంతమంది గమనించి ఉంటారని తర్వాత అడిగితే సగం మంది అన్నారు. గదిలోవాళ్లను అడిగితే గమనించింది పావు వంతే. ఈ ఫలితాలు 2000లో ప్రచురించారు. మేము పిల్లలకు ఈ కథ చెబితే నవ్వుతారు. నవ్వాక ఒకమ్మాయి అంది: 'పావు వంతు చూశారు కదా మేడమ్!' ఆ మాటా నిజమే. ఉత్త లెక్కలు చెబితే భయం పోదు.

మరి ఎలా పోతుంది? ముందు అది ఎలా నిలబడుతోందో తెలియాలి. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు 1995లో దీన్ని బాగా విడమరిచారు. మా మాటల్లో చెబుతాం.

పిల్ల తరగతిలో లేచి నిలబడగానే చూపు లోపలికి తిరుగుతుంది. ఎదురుగా ఉన్న ముఖాలు కనిపించవు. తన గుండె చప్పుడు, తన గొంతు వణుకు, తన చెంపల వేడి మాత్రమే తెలుస్తాయి. వాటిని బట్టి, బయటివాళ్లకు తను ఎలా కనిపిస్తోందో మనసులో బొమ్మ గీసుకుంటుంది. లోపల ఎంత వణుకుందో బయట కూడా అంతే కనిపిస్తోందని నమ్ముతుంది. ఆ బొమ్మను దాచడానికి కొన్ని ఉపాయాలు చేస్తుంది. దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. గొంతు తగ్గిస్తుంది. చెప్పబోయే వాక్యాన్ని మనసులో పదిసార్లు వల్లె వేస్తుంది. ఇక్కడే చిక్కు. గొంతు తగ్గించినందువల్ల టీచర్ 'ఏంటమ్మా, వినపడలేదు, మళ్లీ చెప్పు' అంటారు. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా తిరిగి చూస్తారు. వాక్యం వల్లె వేస్తున్నందువల్ల ఎదుటివాళ్లు చెప్పింది వినదు. వాళ్లు ఈమెకు తల పొగరనుకుంటారు. దాచుకోవడానికి చేసినదే బయటపెడుతుంది. రాత్రి పడుకున్నాక ఆ రెండు నిమిషాలను రెండు గంటలు నెమరు వేస్తుంది. తెల్లారేసరికి రెండు నిమిషాల తడబాటు పెద్ద అవమానంగా మారి ఉంటుంది.

ఈ చక్రాన్ని తిరగకుండా ఆపడమే మాటల చికిత్స చేసే పని. తెలివైన సలహాలు ఇవ్వడం కాదు. 'ధైర్యంగా ఉండు', 'వాళ్లేమన్నా తింటారా' లాంటి మాటలు ఆ పిల్ల అప్పటికే వంద సార్లు విని ఉంటుంది. ఆ మాటల వల్ల ధైర్యం వచ్చి ఉంటే మా గదికి వచ్చేదే కాదు.

మొదటి రెండు మూడు సార్లు దాదాపు ఏమీ జరగనట్టే ఉంటుంది. మేము ఎదురెదురుగా కూర్చోం, పక్కపక్కన కూర్చుంటాం. మాట రాకపోతే చీటీ మీద రాయమంటాం. ఒకబ్బాయి మొదటి నెలంతా అవును, కాదు అని తల ఊపుతూనే సరిపెట్టాడు. ఆ నెలలో జరిగింది చిన్నది కాదు. ఒక పెద్ద మనిషి తనతో కూర్చుని, తొందరపెట్టకుండా, తన మౌనానికి చిరాకు పడకుండా ఉండటం వాడు చూశాడు. వాడికి అది కొత్త.

తర్వాత పరీక్షలు మొదలవుతాయి. పిల్ల తన భయాన్ని ఒక జోస్యంగా రాస్తుంది. 'నేను కిరాణా కొట్లో ధర అడిగితే ఆయన విసుక్కుంటాడు, పక్కవాళ్లు నవ్వుతారు' అని. ఎంత నమ్మకమో నూటికి ఇంత అని పక్కన వేస్తుంది. వెళ్లి అడుగుతుంది. వచ్చి ఏం జరిగిందో రాస్తుంది. 'పన్నెండు రూపాయలన్నాడు, అంతే.' ఆ 'అంతే' అనే మాట ఆమె చేతిరాతలో ఉండటానికీ మేము చెప్పడానికీ చాలా తేడా ఉంది. అందుకే ఈ పని మేము పిల్లల బదులు చేయం.

భయాలను మెట్లుగా పేర్చుకోవడం ఇంకో పద్ధతి. పదో తరగతి అమ్మాయి ఒకరు రాసుకున్న మెట్లు ఇలా ఉన్నాయి. మొదటిది, పక్కింటి ఆంటీ కనిపిస్తే తనే ముందు సలాం చెప్పడం. పైకి పోతే క్లాసులో పక్క బెంచీ అమ్మాయిని నోట్‌బుక్ అడగడం, సైన్స్ మేడమ్‌ను స్టాఫ్‌రూమ్ బయట ఒంటరిగా సందేహం అడగడం, అదే సందేహం క్లాసులో చెయ్యెత్తి అడగడం, ఇంగ్లీషు పాఠంలో ఒక పేరా పైకి చదవడం. అన్నిటికన్నా పైమెట్టు మీద ఏముందో చూసి మేము ఆశ్చర్యపోయాం. సెమినార్ కాదు. 'ఫుప్పీ వాళ్లింటికి వెళ్లి అందరితో దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినడం.' పెద్దలకు ఏది కష్టం, పిల్లలకు ఏది కష్టం అన్నది మనం ఊహించుకుంటే తప్పుతుంది. పిల్లే రాయాలి.

ఒక్కో మెట్టు మీద మళ్లీ మళ్లీ నిలబడాలి. ఒకసారి చేసి 'అమ్మయ్య' అని దిగిపోతే లాభం లేదు. నిలబడేటప్పుడు ఆ ఉపాయాలు కూడా మానాలి. అంటే దుపట్టా కొంగు నోటికి అడ్డం రాకూడదు, గొంతు కావాలని కాస్త పెంచాలి, చూపు ఎదుటి మనిషి మీదికి పోవాలి. ఆ మనిషి ఏ రంగు చొక్కా వేసుకున్నారో తిరిగొచ్చి చెప్పమంటాం. మొదట చెప్పలేరు. కొన్ని వారాలకు చొక్కా రంగే కాదు, గుండీ ఊడిన సంగతి కూడా చెబుతారు. చూపు బయటికి తిరిగిందని అప్పుడు మాకు తెలుస్తుంది. మొదటి మెట్ల మీద స్నేహితురాలిని తోడు తీసుకెళ్లడంలో చిన్నతనమేమీ లేదు. హజ్రత్ మూసా అలైహిస్సలాం తన మాట సాఫీగా సాగదని చెప్పుకుని, సోదరుడు హారూన్‌ను తోడు అడిగిన వృత్తాంతం ఈ సభలో అందరికీ తెలిసిందే.

మొబైల్‌లో తీసిన వీడియో కూడా బాగా పనికొస్తుంది. రెండు నిమిషాలు మాట్లాడిస్తాం. చూపించే ముందు, వీడియోలో ఏం కనిపిస్తుందో చెప్పమంటాం. 'చేతులు వణుకుతుంటాయి, ముఖం ఎర్రగా ఉంటుంది, ప్రతి మాటకూ ఆగుతుంటాను' అంటారు. ఆ తర్వాత, ఎవరో తెలియని పిల్లను చూస్తున్నట్టు చూడమంటాం. లోపల పడిన వణుకులో చాలా వరకు తెర మీద ఉండదు. పిల్లల అనుమతితోనే తీస్తాం, వాళ్ల ముందే చెరిపేస్తాం. ఫోన్‌లో ఉన్న పిల్ల వీడియో అంటే ఈ రోజుల్లో ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇది మా సొంత తెలివి కాదు. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో, ఈ భయం ఉన్న పిల్లలకు ఇలా ఆలోచననూ ఆచరణనూ కలిపి మార్చే చికిత్సనే సూచించింది. ఒక్కరికి అయితే 45 నిమిషాల చొప్పున, గుంపుగా అయితే గంటన్నర చొప్పున 8 నుంచి 12 సార్లు అని లెక్క కూడా ఇచ్చింది. ఈ భయానికి పిల్లలకు మామూలుగా మందులు ఇవ్వొద్దని కూడా అన్నది. దిగులు ముదిరినా, ఇతర జబ్బు కలిసినా మందుల సంగతి సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు. అది మా పని కాదు, మెడికల్ షాపువారి పని అంతకన్నా కాదు.

'ఇవన్నీ పరాయి దేశపు పద్ధతులు కదా' అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. ఆయనకు చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాం. 9, 10 శతాబ్దాల మధ్య జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒక వైద్య గ్రంథం రాశారు. భయం, కోపం, దుఃఖం, మనసును వదలని పాడు తలంపులు అని విడివిడిగా చెప్పారు. ఇంట్లో మందు ముందే ఉంచుకున్నట్టు, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే మంచి తలంపులను సిద్ధం చేసుకుని దాచుకోవాలన్నది ఆయన సలహా. సూడాన్‌కు చెందిన మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ఆ భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, నేటి చికిత్సకు అది ఎంత దగ్గరగా ఉందో చూపించారు. మనసు జబ్బును వైద్యుడి దగ్గర మాట్లాడుకోవడం మనకు కొత్తేమీ కాదు. మధ్యలో మరిచిపోయామంతే.

ఇప్పటిదాకా చెప్పింది భయం సంగతి. ఈ వయసు పిల్లల్లో దానికింద ఇంకో ప్రశ్న ఉంటుంది: 'మాట్లాడితే ఏ నేను మాట్లాడాలి?' ఇది తేలకుండా మెట్లు ఎక్కించినా పిల్లలు సగంలో ఆగిపోవడం చూస్తుంటాం.

ఈ ప్రశ్నకు పేరు పెట్టిన మనిషి ఎరిక్ ఎరిక్సన్. ఆయన 1902లో జర్మనీలో పుట్టారు. తల్లి డెన్మార్క్ నుంచి వచ్చిన యూదు మహిళ. కన్నతండ్రి ఎవరో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. పెంచిన తండ్రి యూదు వైద్యుడు. పిల్లవాడేమో పొడుగ్గా, బంగారు రంగు జుట్టుతో, నీలి కళ్లతో ఉండేవాడు. యూదుల ప్రార్థనాలయంలో పిల్లలు 'నువ్వు మావాడివి కాదు' అనేవారు. స్కూల్లో పిల్లలు 'నువ్వు యూదుడివి' అని ఏడిపించేవారు. చదువయ్యాక కొన్నేళ్లు బొమ్మలు గీస్తూ ఊళ్లు తిరిగాడు. తర్వాత వియన్నాలో అనా ఫ్రాయిడ్ దగ్గర శిక్షణ పొంది, అమెరికా వెళ్లి, 1939లో అక్కడి పౌరుడయ్యేటప్పుడు ఎరిక్సన్ అనే ఇంటిపేరు తనకు తనే పెట్టుకున్నాడు. కౌమారంలో పిల్లలకు అసలు పని తామెవరో తేల్చుకోవడమేనని, అందుకు తొందర లేని కొంత గడువు కావాలని చెప్పింది ఆయనే.

ఈ కథ మేము ఎందుకు ఇంత వివరంగా చెప్పామో మీలో కొందరికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. దూదేకుల కుటుంబం నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. జేజి కథలు తెలుగులోనే చెప్పింది. మదరసాలో ఉర్దూ తడబడితే తోటి పిల్లలు 'నువ్వేం ముసల్మానువిరా' అంటారు. స్కూల్లో పేరు పిలవగానే ఇంకో రకం చూపు పడుతుంది. ఇంకో అమ్మాయి ఇంట్లో ఉర్దూ. అమ్మీ, దాదీ అందరిదీ అదే భాష. తెలుగు మీడియంలో చదువు. తెలుగులో ఒత్తు పోయినా, యాస వచ్చినా క్లాసులో వెనక బెంచీ నుంచి ఎవరో అదే యాసలో తిరిగి అంటారు. ఈ ఇద్దరూ చివరికి నేర్చుకున్నది ఒకటే. నోరు తెరవకపోతే ఎవరికీ దొరకం.

ఇలాంటి పిల్లలకు 'అది నీ ఊహ, ఎవరూ నిన్ను చూడటం లేదు' అని చెబితే అది అబద్ధం. వాళ్లను నిజంగానే చూశారు, నిజంగానే నవ్వారు. చికిత్సలో ఇది చాలా ముఖ్యమని మా అభిప్రాయం. భయంలో ఎంత ఊహ ఉంది, ఎంత నిజం ఉంది అని పిల్లతో కలిసి వేరు చేయాలి. ఊహ భాగానికి మెట్లు, పరీక్షలు. నిజం భాగానికి హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లడం, ఏడిపించేవాళ్లను ఆపించడం. అది పెద్దల పని. అవమానాన్ని తట్టుకోవడం ఎలాగో పిల్లకు నేర్పి, అవమానించేవాళ్లను వదిలేస్తే ఆ చికిత్సకు అర్థం లేదు.

గుర్తింపు ప్రశ్న మీద పనిచేసేటప్పుడు మాకు బాగా ఉపయోగపడేది కథ చెప్పించే పద్ధతి. ఆస్ట్రేలియాలో మైఖేల్ వైట్, న్యూజీలండ్‌లో డేవిడ్ ఎప్‌స్టన్ దీన్ని రూపొందించారు. సమస్యను పిల్ల నుంచి విడదీసి, దానికో పేరు పెట్టించి, దాని గురించి మాట్లాడించడం ఇందులో మొదటి అడుగు. ఒకబ్బాయి తన భయానికి 'ఇన్‌స్పెక్టర్' అని పేరు పెట్టాడు. ఎప్పుడూ తప్పులు రాసుకుంటూ ఉంటాడట. 'నువ్వెందుకు మాట్లాడవు' అంటే వాడి దగ్గర జవాబు లేదు. 'ఇన్‌స్పెక్టర్ ఎక్కడెక్కడ తిరుగుతాడు, ఎక్కడికి రాలేడు' అంటే మాత్రం బోలెడు చెప్పాడు. క్రికెట్ ఆడేటప్పుడు రాడట. మేకలకు మేత వేసేటప్పుడు రాడట. తమ్ముడికి లెక్కలు చెప్పేటప్పుడు అసలే రాడట. అంటే వీడిలో గట్టిగా మాట్లాడే మనిషి ముందే ఉన్నాడు. బయటనుంచి తెచ్చిపెట్టక్కర్లేదు. అక్కడినుంచి అల్లుకుంటూ పోయాం. ఆరు నెలల తర్వాత ట్యూషన్ సెంటర్లో ఆరో తరగతి పిల్లలకు వాడే లెక్కలు చెప్పాడు. తెలుగులోనే చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరికి మాత్రం భిన్నాలు అర్థం కాలేదు, మళ్లీ చెప్పమన్నారు.

జేమ్స్ మార్షియా అనే ఆయన 1966లో ఎరిక్సన్ ఆలోచనను పొడిగించి ఒక మాట అన్నారు. కొందరు పిల్లలు వెతకకుండానే పెద్దలు ఇచ్చిన జవాబును తమదిగా చేసుకుంటారు. కొందరు ఇంకా వెతుకుతుంటారు. కొందరు వెతికి తేల్చుకుంటారు. కొందరు ఆ ఊసే ఎత్తరు. దీన్ని పట్టుకుని కొందరు కౌన్సెలర్లు, పెద్దల దారిలో నడిచే పిల్లను చూసి అణగదొక్కారని తొందరపడి తీర్మానిస్తారు. అది సరి కాదు. హిజాబ్ వేసుకున్న పిల్ల మాట్లాడకపోతే కారణం హిజాబే అని అడక్కుండానే అనుకోవడం ఎంత తప్పో, ఐదు పూటలా నమాజ్ చదివితే అంతా సర్దుకుంటుందని చెప్పి పంపేయడం కూడా అంతే తప్పు. దువా చేసుకోండి, చికిత్సా చేయించుకోండి. మీ పిల్లకు తన దీన్, తన భాష, తన చదువు తన కంటికి ఎలా కనిపిస్తున్నాయో మేము పిల్లనే అడుగుతాం. చెప్పేది ఓపికగా వింటాం. మా అభిప్రాయం చెప్పం.

ఇక తల్లిదండ్రులకు కొన్ని మాటలు. ఈద్ రోజు ఇంటికి చుట్టాలు వస్తారు. 'ఏం చదువుతున్నావు బేటా' అని పిల్లను అడుగుతారు. పిల్ల నోరు తెరవకముందే దాదీ 'పదో తరగతి, ఫస్ట్ వస్తుంది' అని చెప్పేస్తుంది. ప్రేమతోనే చెబుతుంది. కానీ ఆ క్షణంలో పిల్లకు రెండు విషయాలు అర్థమవుతాయి. ప్రమాదం తప్పింది, నావల్ల కాదని ఇంట్లోవాళ్లకు కూడా తెలుసు. హోటల్లో ఆర్డరు చెప్పడం, టీచర్‌కు ఫోన్ చేయడం, పిల్ల బదులు సారీ చెప్పడం, అన్నీ ఇలాంటివే. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇలీ లెబోవిట్జ్ బృందం, పిల్లలను అసలు కలవకుండా తల్లిదండ్రులతో మాత్రమే పనిచేసి, ఇలాంటి సాయాలను మెల్లగా తగ్గించే పద్ధతిని పరీక్షించింది. పిల్లలకే నేరుగా ఇచ్చిన చికిత్సతో సమానంగా అది పనిచేసినట్టు 2020లో ప్రకటించారు. అంటే పిల్ల మా గదికి రానన్నా మీరు రావచ్చు.

దాదీ చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మనసులో పది దాకా లెక్కపెట్టడం. పిల్ల జవాబు చెప్పినా, చెప్పకపోయినా ఆ పది అయ్యేదాకా మాట్లాడకపోవడం. దీనికి వ్యతిరేకంగా ఇంకొందరు ఉంటారు. 'ఏదీ, మామూకి ఆ సూరా వినిపించు' అని అందరి ముందుకు ఉన్నట్టుండి తోస్తారు. అది మెట్టు కాదు, తోపు. ముందు చెప్పి, ఒప్పించి, చిన్నదానితో మొదలుపెట్టండి. 'నీకు ఇది కష్టమని మాకు తెలుసు. నువ్వు తట్టుకోగలవని కూడా తెలుసు.' ఈ రెండు వాక్యాలూ కలిపి చెప్పాలి. మొదటిది ఒక్కటే చెబితే పిల్ల ముడుచుకుంటుంది, రెండోది ఒక్కటే చెబితే ఒంటరిదైపోతుంది.

'కౌన్సెలింగ్‌కు తీసుకెళ్తే పిచ్చి అని పేరొస్తుంది, రేపు రిష్తా రాదు' అనే భయం మాకు తెలుసు. ఆడపిల్లల తల్లులు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోవడం చూస్తుంటాం. అందుకే ట్యూషన్ జరిగే సమయంలోనే కూర్చుంటున్నాం, ఎవరు దేనికి వచ్చారో తెలియదు. పిల్లలు చెప్పింది తల్లిదండ్రులకు కూడా పూర్తిగా చెప్పం. దీనికి హద్దులున్నాయి, వాటిని పిల్లకు మొదటి రోజే చెబుతాం. ప్రాణానికి హాని చేసుకునే ఆలోచన ఉంటే ఇంట్లో చెబుతాం. లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాలి, తెలుపుతాం. చచ్చిపోవాలనే మాట వచ్చినా, పిల్ల వారాల తరబడి బడి మానేసినా, తిండీ నిద్రా పోయినా మా గది సరిపోదు. బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడికి వెళ్లాలి. రాత్రివేళైనా 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

చివరిగా సొసైటీకి మా విన్నపం. కొంచెం ఇబ్బంది కలిగించే మాటే, పెద్దలు మన్నించాలి. ప్రతి ఏటా స్కాలర్‌షిప్ చెక్కులు వేదిక మీద ఇస్తున్నాం. పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని మైకులో చదువుతున్నాం. పిల్లలు చెక్కు పట్టుకుని ఫొటో దిగుతున్నారు. దాతలకు సంతోషం కలగాలన్నది మంచి ఉద్దేశమే. కానీ చెక్కుకు పేరు వచ్చాక వేదిక ఎక్కాలని తెలిసి, దరఖాస్తే పెట్టనివాళ్లు మాకు తెలుసు. ఫీజు కట్టలేక ఒకమ్మాయి ఇంటర్‌లో చేరడం ఆలస్యమైంది. డబ్బు బ్యాంకు ఖాతాకు పంపవచ్చు. వేదిక ఎక్కాలనుకునే పిల్లలనే పిలవవచ్చు. ఎంపిక ఇంటర్వ్యూలో ఐదుగురు పెద్దలు వరసగా కూర్చుని అడుగుతున్నారు. నోరు పెగలని పిల్లకు మార్కులు తగ్గుతున్నాయి, చురుకైన పిల్లకు పెరుగుతున్నాయి. ప్రశ్నలు వారం ముందే ఇవ్వడం, ఇద్దరే కూర్చోవడం, కావాలంటే రాసి ఇవ్వనివ్వడం, తెలుగు, ఉర్దూలలో ఏది హాయిగా ఉంటే అందులో మాట్లాడనివ్వడం. ఈ నాలుగూ చేయడానికి పైసా ఖర్చు లేదు. కార్యవర్గం వచ్చే విద్యా సంవత్సరం దరఖాస్తులు అచ్చువేసే లోపు వీటిని చర్చకు పెట్టాలని కోరుతున్నాం.

ఇప్పుడు ప్రశ్నల సమయం. పెద్దలు మైకులో అడగవచ్చు. పిల్లల కోసం ప్రతి వరస చివరి కుర్చీ మీద చీటీలు, పెన్నులు పెట్టాం. పేరు రాయక్కర్లేదు. రాసినవి తలుపు పక్కనున్న డబ్బాలో వేస్తే చదివి జవాబు చెబుతాం. టైము చాలక మిగిలినవాటికి వచ్చే ఆదివారం మేడమీది గదిలో, అసర్ నమాజ్ తర్వాత.